బొమ్మ కింద మారిన పేరు

"వచ్చావా అమ్మాయ్. ఇక నాకు దిగుల్లేదు," అంది మా వదిన.

నాకు అరవై ఒకటి నిండాయి. ముప్ఫై ఏళ్ళు బళ్ళో కంప్యూటర్ పాఠాలు చెప్పి రిటైరయ్యాను. ఊరికే కూర్చుంటే తోచక, కంప్యూటర్లలో జనం పోగొట్టుకున్నవి వెతికిపెట్టే పని పెట్టుకున్నాను. ఇది నా ఆరో కేసు. ఊళ్ళో సగంమంది నన్ను టీచర్‌గారూ అంటారు. మిగతా సగం, ఇంకా హోంవర్క్ అడుగుతానేమోనని పక్క వీధిలోకి తప్పుకుంటారు. నన్ను అమ్మాయ్ అని పిలిచే మనిషి మాత్రం మా ఆయన అక్కగారు ఒక్కరే. ఆ పిలుపు వింటే నాకు ప్రాణం హాయిగా ఉంటుంది, దాచడం ఎందుకు.

శనివారం ఉదయం పదీ పది. బూట్ల వర్క్‌షాపు వెనక మెట్ల మీద వదిన కూర్చుని ఉంది. పని వేళల్లో ఆవిడ చేతులు ఖాళీగా ఉండగా చూడడం నాకు అదే మొదటిసారి.

ఆ వర్క్‌షాపులో మామూలు బూట్లు కుట్టరు. ఒక కాలు పొట్టిగా ఉన్నవాళ్ళకి, పాదం వంకర తిరిగినవాళ్ళకి, వేళ్ళు పోయినవాళ్ళకి కుడతారు. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ప్రతి జతకీ నమూనా గీస్తున్నది మా వదినే. అందుకే అందరూ కొలతలమ్మ అంటారు. మొన్న గురువారం ఒక పెద్ద ఫ్యాక్టరీ వాళ్ళ కేటలాగ్ వచ్చింది. అందులో అలాంటి బూట్ల నమూనాలు పన్నెండు ఉన్నాయి. గీతకి గీత మా వదినవే. శుక్రవారం యజమాని కూతురు ఒక కంప్యూటర్ నిపుణుణ్ణి రప్పించింది. సాయంత్రానికల్లా అతను తేల్చిపారేశాడు. నమూనాలున్న కంప్యూటర్‌ని కొలతలమ్మ ఒక్కతే వాడుతుంది కాబట్టి, వాటిని ఫ్యాక్టరీకి మెయిల్లో పంపిందీ, ఆనవాళ్ళు చెరిపేసిందీ ఆవిడేనట. గదికి సీలు వేసి వెళ్ళాడు.

ఈరోజు పన్నెండింటికి యజమాని ఒక ఉత్తరం మీద సంతకం పెడతాడు. నమ్మకద్రోహం చేసినందుకు ఈమెను తీసేశామని రాసిన ఆ ఉత్తరం, ఇన్నేళ్ళలో ఇక్కడ బూట్లు కుట్టించుకున్న ప్రతి ఇంటికీ వెళ్తుంది.

"ఉద్యోగం పోతే పోనీ," అంది వదిన. "అది చదివాక నా చేతిలో పాదం పెట్టేదెవరు?"

నాకున్నది గంటా యాభై నిమిషాలు.

"వదినా, ఈ మధ్య నీ కంప్యూటర్లో ఏదైనా తేడా కనిపించిందా? ఎంత చిన్నదైనా సరే చెప్పు."

"కనిపించింది. ముగ్గురికి చెప్పాను, ముగ్గురూ నవ్వారు. బొమ్మ కింద పేరు మారింది."

"ఏ బొమ్మ?"

"బూటు బొమ్మ. నొక్కితే నా నమూనాల ప్రోగ్రామ్ తెరుచుకుంటుందే, అది. దాని కింద 'కొలతలు' అని మన అక్షరాల్లో ఉండేది. మంగళవారం మేస్త్రి నా కోసమే రాసిపెట్టాడు. ఇప్పుడేదో ఇంగ్లీషులో ఉంది. నాకు చదవడం రాదు కదా, బొమ్మని చూసి నొక్కేస్తున్నా."

మంగళవారం మేస్త్రి అంటే వారానికోసారి వచ్చి అక్కడి కంప్యూటర్లనీ మిషన్లనీ బాగుచేసి వెళ్ళే మనిషి.

"ఎప్పుడు మారింది?"

"మూడు వారాల కిందట, మంగళవారం. పొద్దున ఉంది. మధ్యాహ్నం భోంచేసి వచ్చేసరికి లేదు. బడి గుమాస్తా పాదానికి అచ్చు తీసిన రోజు, నాకు బాగా గుర్తు."

"ఆ పూట నీ గదిలోకి ఎవరొచ్చారు?"

వదిన కళ్ళజోడు తీసి ఏప్రన్ అంచుతో తుడుచుకుంది. "అచ్చు గదిలో ఉన్నాను కదమ్మాయ్. రెండు చేతులూ మోచేతుల దాకా ప్లాస్టర్. తల తిప్పితే అచ్చు చెడుతుంది. ఎవర్నీ చూళ్ళేదు."

నేనడిగింది ఎవరిని చూశావని కాదు, ఎవరొచ్చారని. ఆ తేడా నా చెవిన పడింది. దాని సంగతి తర్వాత చూద్దామనుకుని లోపలికి నడిచాను.

గది తలుపు దగ్గర నిపుణుడు కాపలా ఉన్నాడు. మెడలో ఐడీ కార్డు, చేతిలో రిపోర్టు. నన్ను చూడగానే కాగితాలు వీపు వెనక్కి పోయాయి. పాత అలవాటు. తొమ్మిదో తరగతిలో నా దగ్గర వరసగా మూడు టెస్టులు తప్పినవాడు.

"మేడమ్, ఇది సీలు వేసిన గది. మీరు వెళ్ళకూడదు."

"సీలు వేసి నువ్వు చాలా మంచి పని చేశావు నాన్నా. నిన్నటి నుంచి లోపల ఎవరూ వేలు పెట్టలేదు కదా?"

"ఎవరూ పెట్టలేదు. నాదీ గ్యారంటీ."

"నాకు కావలసింది అదే. తలుపు తియ్యి."

"నేను మొత్తం చూసేశాను మేడమ్. మీకు టైమ్ వేస్టు."

"తియ్యి బాబూ," అన్నాడు వెనక నుంచి యజమాని. నెరిసిన మీసాలు, రాత్రంతా నిద్ర లేనట్టు ఎర్రటి కళ్ళు. "పన్నెండు దాకా ఆగుతానని కొలతలమ్మకి మాటిచ్చాను. టీచర్‌గారూ, తప్పు మాదని తేలితే నాకంటే సంతోషించేవాడు ఉండడు."

ఆయన పక్కన కూతురు. ముప్ఫై రెండేళ్ళ మనిషి, షోరూమ్ అంతా తనే చూసుకుంటుంది, అయినా అందరికీ ఇంకా పాపే. ఎడమ కాలు పుట్టుకతోనే అంగుళంపావు పొట్టి. ఈ వర్క్‌షాపు మొదలైందే ఆ కాలి కోసం, మా వదిన గీసిన మొట్టమొదటి నమూనా ఆ ఏడాది పాపది. ఇక నా సంగతంటారా, నా క్లాసులో ఐదేళ్ళూ ఫస్టు వచ్చిన పిల్ల. ముప్ఫై ఏళ్ళ ఉద్యోగంలో అలాంటి బుర్ర మళ్ళీ తగల్లేదు నాకు.

"టీచర్, నాకూ నమ్మబుద్ధి కావట్లేదు," అంది పాప. "కానీ రిపోర్టు అలా వచ్చింది."

"రిపోర్టు కదమ్మా, మళ్ళీ రాయించుకోవచ్చు," అని లోపలికి వెళ్ళాను. నిపుణుడు నీడలా వెంట వచ్చాడు.

చిన్న గది. ఒక బల్ల, ఒక కుర్చీ, కంప్యూటర్. పక్కనే అచ్చు గది, మధ్యలో తలుపు లేదు, ఖాళీ గుమ్మం అంతే. అచ్చు గది అరల మీద తెల్లటి ప్లాస్టర్ పాదాలు వరసగా ఉన్నాయి, ఒక్కోదాని మడమ మీద నీలం పెన్సిల్ గీతలు. అక్కణ్ణుంచి తెర కనిపించేలా కంప్యూటర్‌ని గుమ్మం వైపు తిప్పి పెట్టుకుంది వదిన. చేతులు ప్లాస్టర్‌లో ఉండగా పాస్‌వర్డ్ కొట్టడం కుదరదు కాబట్టి తెరకి తాళం పడకుండా చేయించుకుంది. అంటే ఆవిడ అచ్చు తీస్తున్నంతసేపూ ఆ కుర్చీలో ఎవరైనా కూర్చోవచ్చు.

ప్లాస్టర్ పనితో ఆ గదిలో అన్నిటి మీదా తెల్లటి దుమ్ము పేరుకుంటుంది. నేను కీబోర్డు మీదకి వంగి, పర్సులోంచి భూతద్దం తీశాను. చూసేకొద్దీ నాకు ఆకలేసినంత ఉషారు వచ్చింది.

"నాన్నా, ఇలా రా. అంకెల కీలు ఎలా ఉన్నాయి?"

"శుభ్రంగా ఉన్నాయి."

"మా వదిన అంకెలే కొడుతుంది. పాస్‌వర్డ్ కూడా అంకెలే. అక్షరాలతో ఆవిడకి పని లేదు. ఇప్పుడు అక్షరాల మీద దుమ్ము చూడు."

చూశాడు. "అన్నిటి మీదా ఉంది."

"రెండు రకాలుగా ఉంది. బి, జె, ఎమ్, క్యూ, యు, వి, డబ్ల్యూ, ఎక్స్, వై, జెడ్. ఈ పదింటి మీదా ఏళ్ళ నాటి మందం. మిగతా పదహారింటి మీదా పల్చటి పొర, రెండు మూడు వారాలది. ఈ మధ్య ఎవరో ఈ పదహారు అక్షరాలే నొక్కారు. సరే, మెయిల్లో పంపిందన్నావు కదా. ఆ ఫ్యాక్టరీ మెయిల్ అడ్రసు చదువు."

చదివాడు.

"అందులో ఎమ్‌లు ఎన్ని?"

"రెండు."

"ఎమ్ మీద దుమ్ము చూశావుగా. అట్ గుర్తు రావాలంటే షిఫ్ట్ నొక్కాలి. షిఫ్ట్ మీద చూడు."

వేలితో గీశాడు. మైదా తీసినట్టు వచ్చింది. అతను కొంచెం ఎర్రబడ్డాడు గానీ తగ్గలేదు. "అడ్రసుని ఎక్కణ్ణుంచైనా కాపీ చేసి ఉండొచ్చు మేడమ్."

"అక్షరం ముట్టని మనిషి అంత తెలివిగా కాపీ చేస్తే, మరి ఈ పదహారు అక్షరాలు కొట్టిందెవరు?"

"బొమ్మ పేరు మారిందని ఆవిడ చెప్పిన కథ పట్టుకుని వచ్చారు మీరు. అదీ చూశాను. ఆవిడ భ్రమ పడింది," అంటూ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

ఇక్కడ ఒక్క మాట చెప్పాలి. తెర మీద బొమ్మని నొక్కితే ప్రోగ్రామ్ తెరుచుకుంటుంది కదా. ఏ బొమ్మ చూపించాలి, దాని కింద ఏ పేరు రాయాలి, నొక్కినప్పుడు ఏం జరగాలి, ఇవన్నీ ఒక చిన్న ఫైల్లో నాలుగైదు లైన్లలో ఉంటాయి. దాన్ని లాంచర్ ఫైలు అంటారు. నిపుణుడు దాన్ని తెరిచి చూపించాడు.

"ఇదిగోండి. సిస్టమ్ ఫోల్డర్లో ఉంది. రెండేళ్ళ నాటి తేదీ, ఎవరూ ముట్టుకోలేదు. ఇంగ్లీషు పేరు ఒక లైను, దాని కింద తెలుగు పేరు ఒక లైను. కొలతలు అని చక్కగా ఉంది."

"ఉంది. ఇప్పుడు తెర మీద బొమ్మ కింద చూడు."

అక్కడ ఇంగ్లీషులో ప్యాటర్న్ అని ఉంది.

అతను ఫైలునీ తెరనీ మార్చి మార్చి చూశాడు. నిన్నంతా ఆ రెండిటినీ చూశాడు గానీ, ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూడలేదు.

"నువ్వు తెరిచిన ఫైలు ఒకటి చెబుతోంది, తెర ఇంకోటి చూపిస్తోంది. అంటే తెర చదువుతున్నది ఈ ఫైలు కాదు," అన్నాను. "సిస్టమ్ ఫోల్డర్లోది అందరికీ. మనిషి సొంత ఫోల్డర్లో అదే పేరుతో ఇంకో లాంచర్ ఉందనుకో, కంప్యూటర్ దాని మాటే వింటుంది. దీన్ని పట్టించుకోదు."

"సొంత ఫోల్డర్ కూడా చూశాను. అలాంటిదేం లేదు."

"చుక్కతో మొదలయ్యే ఫోల్డర్లు మామూలుగా చూస్తే కనపడవు. ఎనిమిదో తరగతి, రెండో పాఠం. ఆ రోజు నువ్వు జ్వరమని రాలేదు, మధ్యాహ్నం గ్రౌండులో కనిపించావు."

టెర్మినల్ తెరిచాను. మౌసుతో పని లేకుండా, మాటలు టైపు చేసి కంప్యూటర్ చేత పనులు చేయించుకునే నల్ల తెర అది. దాగిన ఫోల్డర్లతో సహా చూపించమన్నాను. వరసగా వచ్చాయి. చుక్కతో మొదలయ్యే ఒకదాని లోపల, ఇంకో రెండు ఫోల్డర్లు దాటాక, కూర్చుని ఉంది రెండో లాంచర్. పుట్టిన తేదీ మూడు వారాల కిందటి మంగళవారం. సమయం పదకొండు నలభై రెండు.

తెరిచాను. బొమ్మ అదే, ఇంగ్లీషు పేరు అదే, తెలుగు లైను లేదు. నొక్కినప్పుడు ఏం చేయాలో చెప్పే లైను మాత్రం బారెడుంది. ముందు వదిన గీసిన నమూనాలన్నిటికీ నకళ్ళు తీసి, వర్క్‌షాపులో ఎవరైనా చూడగలిగే ఉమ్మడి ఫోల్డర్లో ఒక మూల పడేయాలి. ఆ తర్వాతే ప్రోగ్రామ్ తెరవాలి. ప్రతి ఉదయం మా వదిన బూటు బొమ్మ నొక్కినప్పుడల్లా తన చేత్తోనే తన పనంతా దొంగకి అప్పజెప్పిందన్నమాట, పాపం ఆ సంగతి తనకే తెలియదు.

"తెలుగు పేరు ఎందుకు పోయింది మేడమ్?" ఈసారి గొంతులో పొగరు లేదు.

"కమాండ్‌తో లాంచర్ పేరు మారిస్తే, పాత పేరుకి వేరే భాషల్లో ఉన్న అనువాదాలన్నీ తుడిచిపెట్టుకుపోతాయి. ఎవరో ఈ ఫైలుని తమ కంప్యూటర్‌కి తీసుకెళ్ళి, వేరే పేరు పెట్టి, తమ నకలు పని చేస్తోందో లేదో పరీక్షించుకున్నారు. తర్వాత పాత ఇంగ్లీషు పేరే తిరిగి పెట్టారు. వాళ్ళ తెర ఇంగ్లీషులో ఉంటుంది కాబట్టి, తెలుగు లైను ఎగిరిపోయిన సంగతి తెలియలేదు. దాన్ని తెచ్చి ఇక్కడ పెట్టారు."

నిపుణుడు లేచి నిలబడ్డాడు. మళ్ళీ ధైర్యం వచ్చినట్టుంది. "ఏమైనా ఇది ఆవిడ లాగిన్లో దొరికింది. ఆవిడే పెట్టుకుంది. సార్‌కి చెబుతాను," అని బయటికి పరిగెత్తాడు.

పోనిచ్చాను. నాకు కావలసింది ఆ రెండు నిమిషాల ఏకాంతమే. టెర్మినల్లో కొట్టిన ప్రతి ఆజ్ఞనీ కంప్యూటర్ ఒక దాగిన ఫైల్లో రాసిపెట్టుకుంటుంది. దాన్ని తెరిచాను. నేనిప్పుడు కొట్టినవి పోను, రెండేళ్ళలో ఆ లాగిన్ నుంచి కొట్టింది ఒకే ఒక్క లైను.

desktop-file-install --delete-original --dir=.local/share/applications pattern.desktop

అక్షరాలు లెక్కపెట్టాను. పదహారు. దుమ్ము పల్చగా ఉన్న పదహారూ అవే.

లైనుని ఇంకోసారి చదివాను. రెండో మాట దగ్గర నా ఉషారంతా దిగిపోయింది. లాంచర్‌ని ఇన్‌స్టాల్ చేశాక, తెచ్చిన అసలు కాపీని చెరిపేయమని చెప్పే మాట అది. పుస్తకాల్లో ఉంటుంది గానీ ఎవరూ వాడరు, చేత్తో చెరిపేసుకుంటారు. క్లాసులో మాత్రం పిల్లలు బల్లల మీద చెత్త వదిలినట్టే కంప్యూటర్లలో ఫైళ్ళు వదులుతుంటే విసుగెత్తి, ఆ మాట మర్చిపోకుండా మొట్టమొదటే రాయాలని రూలు పెట్టాను. ఊళ్ళో ఆ రూలు పెట్టిన టీచరు నేనొక్కదాన్నే.

దొంగ నా శిష్యుడో, శిష్యురాలో.

పదకొండూ అయిదు. తెర మూసి, అచ్చు గది రిజిస్టర్ తీశాను. మూడు వారాల కిందటి మంగళవారం, బడి గుమాస్తా, కుడి పాదం, పదకొండున్నర నుంచి పదకొండు యాభై అయిదు. గుమాస్తాకి ఫోన్ చేశాను.

"అమ్మగారు నా పాదాన్ని అరగంట సేపు కదలనివ్వలేదండీ," అన్నాడాయన. "ఆవిడా కదల్లేదు. ముక్కు మీద దురద పుడితే నన్ను గోకమన్నారు."

వదిన ఆ లైను కొట్టలేదని తేలిపోయింది. ఈ గొడవ కోసం యజమాని శనివారమైనా పిలిపించిన మంగళవారం మేస్త్రి కటింగ్ గదిలో ఉన్నాడు, నా మాజీ శిష్యుడే. భయంతో స్క్రూడ్రైవర్ రెండు సార్లు కింద పడేశాడు.

"ఆ రోజు పదకొండు నలభై రెండుకి ఎక్కడున్నావురా?"

"ఇక్కడే టీచర్. ఈ మిషన్ బ్లేడు సరిచేస్తున్నా. కావాలంటే దీని లాగ్ చూడండి."

చూశాను. పదకొండు ముప్ఫై ఎనిమిది, నలభై ఒకటి, నలభై మూడు, నలభై ఏడు. నాలుగు పరీక్ష కోతలు. వదిన గది ఇక్కణ్ణుంచి రెండు అంతస్తుల పైన.

"అయినా టీచర్, అడ్మిన్ పాస్‌వర్డ్ నా దగ్గరే ఉంది. నేనే చేయాలనుకుంటే సిస్టమ్ ఫోల్డర్లో ఉన్నదాన్నే మారుస్తాను గానీ, దొడ్డిదారిన ఆవిడ ఫోల్డర్లో ఎందుకు పెడతాను? పైగా ఆ తెలుగు లైను నేను రాసిందే. అది పోతే నాకు తెలీదా?"

"భేష్. ఈ తెలివి పరీక్షల్లో ఎక్కడ దాచావు?" అన్నాను. వాడు మొదటిసారి నవ్వాడు.

పదకొండున్నరకి అందరూ యజమాని గదిలో చేరారు. బల్ల మీద సంతకం కోసం ఆ ఉత్తరం. వదిన గోడ పక్కన ముళ్ళ మీద కూర్చున్నట్టు ఉంది. నిపుణుడు అప్పటికే యజమానికి సగం ఎక్కించేశాడు.

"ఈ పని కంప్యూటర్ తెలిసినవాళ్ళే చేస్తారు," అన్నాను. "ఎవరికెంత తెలుసో ముందు తేల్చుకుందాం. ఇక్కడ నా దగ్గర చదివినవాళ్ళు ముగ్గురున్నారు. తలో కాగితం తీసుకోండి."

"మేడమ్, ఇదేం పరీక్ష?" అన్నాడు నిపుణుడు. "నా దగ్గర ఏడు సర్టిఫికెట్లున్నాయి."

"అయితే నీకు భయమెందుకు? ప్రశ్న రాసుకో. అడ్మిన్ పాస్‌వర్డ్ లేదు. ఒక లాంచర్ ఫైలుని మనిషి సొంత ఫోల్డర్లో ఇన్‌స్టాల్ చేయాలి. ఒక్క లైనులో రాయాలి. రెండు నిమిషాలు. పక్కవాళ్ళ కాగితం చూడొద్దు."

పాప నవ్వింది. "టీచర్ మారలేదు," అంటూ పెన్ను తీసుకుంది. నేను చేతులు వెనక్కి పెట్టుకుని గదిలో అటూ ఇటూ తిరిగాను. ఎన్నేళ్ళైందో అలా తిరిగి. కాళ్ళకి ఎంత సుఖంగా ఉందో చెప్పలేను.

కాగితాలు తీసుకున్నాను. మంగళవారం మేస్త్రి, "నేనైతే ఎడిటర్లో తెరిచి మార్చుకుంటాను టీచర్, ఈ కమాండ్ ఎప్పుడూ గుర్తుండి చావదు" అని రాశాడు. నిపుణుడు మామూలు కాపీ కమాండ్ రాశాడు. పని అవుతుంది, పదికి ఆరు. పాప కూడా కాపీ కమాండే రాసింది. కానీ దాని పైన ఇంకో లైను మొదలుపెట్టి, మధ్యలో ఆపి, పెన్నుతో అడ్డంగా కొట్టేసింది.

కిటికీ దగ్గరికి వెళ్ళి, కాగితాన్ని వెలుగుకి పట్టి చూశాను. డెస్క్‌టాప్-ఫైల్-ఇన్‌స్టాల్. తర్వాత రెండు అడ్డగీతలు, డిలీట్, ఇంకో అడ్డగీత. అక్కడ ఆగింది.

చేయి పాత అలవాటు కొద్దీ రాసుకుపోయింది. బుర్ర సగంలో అందుకుని ఆపేసింది.

"ఇది ఎందుకు కొట్టేశావమ్మా?" అన్నాను.

"గుర్తు రాలేదు టీచర్."

"గుర్తొచ్చింది కాబట్టే కొట్టేశావు. ఐదేళ్ళలో ఒక్క కొట్టివేత లేని కాగితాలిచ్చిన పిల్లవి నువ్వు. తెలిసిన జవాబు కొట్టేసి తెలియనట్టు రాయడం ఇదే మొదలు." టెర్మినల్ నుంచి దించుకున్న లైనుని బల్ల మీద పెట్టాను. "ఇది ఆ మంగళవారం పదకొండు నలభై రెండుకి వదిన కంప్యూటర్లో కొట్టిన లైను. నువ్వు కొట్టేసిన మాటా, ఇందులో రెండో మాటా ఒకటే."

"మీరు క్లాసు మొత్తానికి చెప్పారు కదా. నేనేనని ఎలా అంటారు?"

"క్లాసు మొత్తానికీ చెప్పాను. వీళ్ళిద్దరూ ఏం రాశారో చూడు. నా మాట తలకెక్కించుకున్నది నువ్వొక్కదానివే." ఒక టీచరు అంతకంటే గొప్పగా ఎవరినీ మెచ్చుకోలేదు, అంతకంటే బాధగా ఎవరినీ పట్టుకోలేదు.

యజమాని కూతురి వంక చూస్తున్నాడు. పాప మాత్రం గోడ పక్కన ఉన్న వదిన వైపు చూసింది.

"పాపా," అంది వదిన నెమ్మదిగా. "నీ అడుగు నాకు తెలీదా? ఎడమ బూటు అడుగు అంగుళంపావు మందం. నేనే అతికించాను. ఆ రోజు గుమ్మం అవతల నువ్వు వచ్చిన చప్పుడూ విన్నాను, వెళ్ళిన చప్పుడూ విన్నాను."

నేను వదిన వైపు తిరిగాను.

"మరి నాకు చెప్పలేదేం వదినా?"

"ఎలా చెప్పమంటావమ్మాయ్? దాని మొదటి అడుగు నా బూట్లోనే వేసింది. ఏ కాగితం కోసమో వచ్చిందిలే అనుకున్నా. నిన్న అర్థమైంది. అయినా నోరు రాలేదు. నువ్వొచ్చి తేలిస్తే నా నోటితో అనే బాధ తప్పుతుందనుకున్నా."

పాప కుర్చీలో కూలబడి ఏడ్చేసింది. తర్వాత ఆగి ఆగి చెప్పింది. వర్క్‌షాపులో ఏడాదికి మూడు వందల జతలకి మించి కుట్టరు. ఇంకో ఏడాది ఆగండని షోరూమ్‌లో రోజూ చెప్పవలసింది తనే. నాన్న పెద్దది చేయనన్నాడు. ఫ్యాక్టరీవాళ్ళు కొలతలమ్మ పేరు వేసి, వేలమందికి అందిస్తామన్నారు. నమ్మి నకళ్ళు ఇచ్చింది. పేరు వేయలేదు, కనీసం చెప్పకుండా కేటలాగ్ వదిలారు. భయపడి నిపుణుణ్ణి పిలిచింది, ఏదీ దొరకదనీ, కేసు అలా అలా చల్లబడుతుందనీ. అతను నేరుగా, తను చిన్నప్పటి నుంచీ అత్తా అని పిలిచే కొలతలమ్మ మీదకి తెచ్చాడు.

"అప్పుడైనా చెప్పాల్సింది అత్తా. నోరు పెగల్లేదు."

యజమాని బల్ల మీది ఉత్తరాన్ని నాలుగు ముక్కలు చేశాడు. పదకొండు యాభై. నిపుణుడు తన రిపోర్టుని మడిచి జేబులో పెట్టుకున్నాడు, నేనేమీ అనలేదు. కేసు అయిపోయింది, ఇంటికి పోయి కాళ్ళు చాపుకుని టీ తాగుదామనుకున్నాను.

అప్పుడు వదిన లేచి నిలబడింది.

"పాపా, వాళ్ళకి ఇచ్చింది కంప్యూటర్లో ఉన్నవేనా? అచ్చులు చూపించలేదా?"

"లేదత్తా. నమూనాలు మాత్రమే."

వదిన ముఖం మారిపోయింది. "కంప్యూటర్లో ఉన్నది సగం పనే. మడమ ఎంత ఎత్తు పెట్టాలో, ఎక్కడ తగ్గించాలో అచ్చు తీశాకే తెలుస్తుంది. అది నీలం పెన్సిల్తో అచ్చు మీదే దిద్దుతాను. తెర మీద దిద్దను. కుట్టేవాళ్ళు అచ్చు చూసే కుడతారు, ఇన్నేళ్ళుగా అదే అలవాటు."

"తేడా ఎంతుంటుంది?" అన్నాను.

"ఒక్కోసారి అరంగుళం. అది వేసుకుని నెలరోజులు నడిస్తే నడుం పోతుంది."

పాప అప్పటికే ఫోన్ తీసింది. అందరికీ వినిపించేలా స్పీకర్ పెట్టింది. ఫ్యాక్టరీ మేనేజర్ చాలా సంతోషంగా మాట్లాడాడు.

"మీ నమూనాలు అదిరిపోయాయండీ. మొదటి లాట్ పొద్దున తొమ్మిదింటికే వెళ్ళిపోయింది. రెండు వందల నలభై జతలు. సోమవారం షాపులు తెరిచేసరికి అమ్మకంలో ఉంటాయి."

పాప ఒక చేత్తో ముఖం కప్పుకుంది. వదిన ఆ చేతిని పట్టుకుని కిందికి దించింది.

"ఏడుపు తర్వాత. ఆ బూట్లు ఏ ఏ షాపులకి వెళ్ళాయో అతన్ని అడిగి రాయి. కుట్టింది ఎవరైతేనేం, గీత నాది. ఎవరి కాలైనా నొప్పెట్టిందంటే అది నా పేరే." ఏప్రన్ బిగించి కట్టుకుంది. "సార్, వ్యాను తీయించండి, సోమవారం లోపు ఆ షాపులకి వెళ్ళి అమ్మకం ఆపించాలి. బాబూ, ఏడు సర్టిఫికెట్లున్నాయన్నావుగా, అరల మీంచి పన్నెండు అచ్చులు జాగ్రత్తగా దించు. అమ్మాయ్..."

"చెప్పు వదినా."

"నువ్వు ముందు వెళ్ళి ఆ బొమ్మ కింద 'కొలతలు' అని మన అక్షరాల్లో మళ్ళీ పెట్టు. అచ్చుల మీద దిద్దినవన్నీ తెర మీదకి ఎక్కించాలి, ఈ రెండు రోజులూ ఆ కంప్యూటర్తో చాలా పనుంది."